ప్లస్ ఓకే... డబ్బాలో ఏడు ఉత్తరాలు!

1999. హైదరాబాద్‌లో ఓ ఇల్లు ఊహించుకోండి. హాల్లో ఓ మూల కంప్యూటర్. దుమ్ము పడకుండా దానికో గుడ్డ తొడుగు. పక్కన ఫోన్, ఫోన్‌కి తగిలించిన మోడెమ్. ఎల్లుండి చెన్నైలో వీసా ఇంటర్వ్యూ, రేపు సాయంత్రం రైలు. ఏయే కాగితాలు పట్టుకెళ్లాలో అమెరికాలో ఉన్న పెద్దబ్బాయి మెయిల్లో రాశాడు. ఆ మెయిల్ మాత్రం ఎంతకీ దిగడం లేదు!

సంగతేంటంటే, దానికి ముందు ఇంకో మెయిల్ ఉంది. ఎవరో అభిమానంతో పెళ్లి ఫొటోలన్నీ కలిపి ఒకేసారి పంపేశారు. మోడెమ్ కీచుకీచుమంటూ కలుస్తుంది. ఒకటో ఉత్తరం వస్తుంది, రెండోది వస్తుంది. మూడోది మొదలై నత్తలా పాకుతుంది. పన్నెండు నిమిషాలయ్యాక లైన్ కట్! మళ్లీ కలిపితే ఆ మూడో ఉత్తరం మళ్లీ మొదట్నుంచీ. ఈలోగా ఫోన్ బిల్లు పెరుగుతూనే ఉంటుంది. ఇంటికి ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్.

అప్పుడొస్తాడు తమ్ముడి కొడుకు. ఇంజినీరింగ్ చదువుతుంటాడు. 'పెదనాన్నా, మీరు కాస్త జరగండి' అని కుర్చీలో కూర్చుంటాడు. రంగురంగుల మెయిల్ ప్రోగ్రాం మూసేసి, బొమ్మలూ బటన్లూ ఏమీ లేని ఓ ఖాళీ కిటికీ తెరుస్తాడు. అందులో ఏవో నాలుగు ముక్కలు కొడతాడు. అవతలి నుంచి ఓ జవాబు...

ప్లస్ ఓకే.

అంటే 'సరే, చెప్పు' అని. ఆ మాట అన్నది ఎక్కడో ఉన్న మెయిల్ కంప్యూటరే!

పోస్టాఫీసు కౌంటర్ దగ్గరికే...

ఈ-మెయిల్ మన ఇంటికి వస్తుందనుకుంటాం. నిజానికి రాదు. ఇంటర్నెట్ కంపెనీవాళ్ల పెద్ద కంప్యూటర్లో మన పేరుతో ఓ డబ్బా ఉంటుంది. వచ్చినవన్నీ అందులో పడతాయి. పెద్ద పోస్టాఫీసుల్లో వ్యాపారులు పోస్ట్ బాక్సు నంబరు తీసుకుని, రోజూ వెళ్లి తాళం తీసి ఉత్తరాలు తెచ్చుకునేవారే... అచ్చం అలాగే. ఇంట్లో ఉన్న మెయిల్ ప్రోగ్రాం మన తరఫున వెళ్లి ఉత్తరాలు మోసుకొచ్చే మనిషన్నమాట. ఆ మోసుకొచ్చే పద్ధతికి పెట్టిన పేరు కూడా 'పోస్టాఫీస్ ప్రోటోకాల్'. పొట్టిగా పాప్. 1984లో మొదలై, 1988లో మూడో రూపం వచ్చింది. ఇవాళ్టికీ వాడుకలో ఉన్నది ఆ పాప్3నే.

మోసుకొచ్చే మనిషి అమాయకుడు. వరసగా అన్నీ ఎత్తుకు రావడమే తెలుసు. మూడో మూట బరువెక్కువైతే అక్కడే చతికిలపడతాడు. దాన్ని పక్కన పెట్టి ఏడోది ముందు తెచ్చివ్వాలన్న ఆలోచన రాదు. తమ్ముడి కొడుకు చేసిందల్లా ఆ మనిషిని తప్పించి తనే కౌంటర్ దగ్గరికి వెళ్లడం. వెళ్లే దారి పేరు టెల్నెట్. దూరాన ఉన్న కంప్యూటర్‌తో మాటల్లో మాట్లాడే ఈ పద్ధతి ఇంటర్నెట్ తాత అర్పానెట్ పుట్టిన 1969 నాటిది. మనిషి కొట్టిన అక్షరాలు అవతలికి, అవతలివాళ్ల అక్షరాలు ఇవతలికి... అంతే, మధ్యలో బొమ్మలు లేవు.

ఆ పెద్ద కంప్యూటర్లో ఒక్కో పనికి ఒక్కో కౌంటర్. ఉత్తరం పోస్టు చేయాలంటే 25. డబ్బాలోవి తీసుకోవాలంటే 110. మామూలుగా టెల్నెట్ వెళ్లే కౌంటర్ 23. దాన్ని 23కి కాకుండా 110కి పంపితే చాలు, పాప్ గుమాస్తా ఎదురుగా ఉంటాడు. ఆ గుమాస్తాకి వచ్చిన మాటలు పది, పన్నెండు. మనకీ అవి వస్తే చాలు.

ముందు 'యూజర్' అని పేరు చెప్పాలి. తర్వాత 'పాస్' అని పాస్‌వర్డ్. ప్లస్ ఓకే అన్నాడంటే తలుపు తీసినట్టు. మైనస్ ఎర్ అన్నాడంటే ఎక్కడో తప్పుందని. 'స్టాట్' అంటే మొత్తం లెక్క చెబుతాడు. ఆ ఇంట్లో వచ్చిన జవాబు ఇలా ఉందనుకోండి: ప్లస్ ఓకే 7 4218340. ఏడు ఉత్తరాలు, మొత్తం నలభై రెండు లక్షల పైచిలుకు బైట్లు. 'లిస్ట్' అంటే ఒక్కోదాని బరువూ విడివిడిగా వస్తుంది. ఒకటోది 1840, రెండోది 2655, మూడోది 4194880... దొంగ దొరికాడు! మిగతా ఆరూ కలిపినా పాతిక వేల బైట్లు లేవు.

ఫొటోలు అంత బరువెందుకు? మెయిల్ మొదట్నుంచీ అక్షరాల కోసం కట్టిన దారి. బొమ్మని ఆ దారిలో పంపాలంటే దాన్నీ అక్షరాలుగా మార్చాలి. అలా మార్చినప్పుడు ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. అంటే మూడో వంతు బరువు ఊరికే పెరుగుతుంది. మూడు ఎంబీల ఫొటోలు నాలుగు దాటేది అందుకే. అప్పటి 28.8 మోడెమ్ మీద నాలుగు ఎంబీలంటే, లైన్ ఒక్కసారి కూడా తడబడకపోయినా ఇరవై నిమిషాల పని. అప్పటి ఫోన్ లైన్లు తడబడకుండా ఉండటం... పెద్దవాళ్లని అడగండి, చెబుతారు.

'తీసేయకురా, పెళ్లి ఫొటోలు!'

'టాప్ 3 0' అని కొడతాడు కుర్రాడు. అంటే మూడో ఉత్తరం కవరు మీద ఏముందో మాత్రమే చూపించు, లోపలిది వద్దు అని. పంపినవారి పేరు, తేదీ, విషయం కనిపిస్తాయి. తర్వాత 'రిటర్ 7'. ఏడో ఉత్తరం ముందుకొస్తుంది. అబ్బాయి రాసిన వీసా వివరాలు గబగబా తెరమీదకి పరుగెడతాయి. ఏడువేల బైట్లు, రెండు మూడు సెకన్లు! పెదనాన్న కాగితం మీద రాసుకుంటారు. ఉత్తరం అయిపోయిందనడానికి గుర్తుగా చివర ఓ లైన్లో ఒంటరిగా ఓ చుక్క.

పని అయిపోయింది కదా అని కుర్రాడు 'డెలె 3' కొడతాడు. మూడో ఉత్తరం తీసేయమని. వంటింట్లోంచి పెద్దమ్మ... 'ఒరేయ్, తీసేయకురా! మా చెల్లెలి కూతురి పెళ్లి ఫొటోలు!'

పాప్ పద్ధతిలో మెచ్చుకోవాల్సిన విషయం ఇక్కడే ఉంది. డెలె అన్నంత మాత్రాన ఉత్తరం పోదు. గుమాస్తా దాని మీద ఓ గుర్తు పెట్టుకుంటాడు, అంతే. మనం 'క్విట్' అని మర్యాదగా సెలవు తీసుకున్నాకే గుర్తు పెట్టినవాటిని చించుతాడు. ఈలోగా మనసు మార్చుకుని 'రిసెట్' అంటే గుర్తులన్నీ చెరిపేస్తాడు. క్విట్ అనకముందే లైన్ తెగిపోతే? ఒక్క ఉత్తరమూ తీసేయకూడదని ఆ పద్ధతి రాసినవాళ్లు నిబంధనే పెట్టారు. సగంలో తెగిన మాటని పూర్తయిన మాటగా పట్టుకోవద్దని దాని అర్థం. మన ఫోన్ లైన్లకి అంతకంటే పనికొచ్చే నిబంధన లేదు. పెద్దమ్మ ఫొటోలు అలా బతుకుతాయి. లైన్లు ఖాళీగా ఉండే తెల్లవారుజామున నాలుగింటికి లేచి వాటిని దించుకోవడం... అప్పట్లో చాలా ఇళ్లలో జరిగిన పనే!

చిక్కులు లేకపోలేదు. ఒకరు డబ్బా తెరిచి ఉండగా రెండోవాళ్లు తెరవకుండా గుమాస్తా తాళం వేస్తాడు. లైన్ తెగినా, మనం పోయామని అతనికి వెంటనే తెలియకపోవచ్చు. ఎంతసేపు మాట్లాడకపోతే వెళ్లిపోయాడనుకోవాలి? కనీసం పది నిమిషాలు ఆగాలన్నది లెక్క. అందుకే తెగిన వెంటనే మళ్లీ కలిపితే 'డబ్బాకి తాళం వేసి ఉంది' అని విసుక్కునేవాడు. ఇంకోటి, విండోస్ 98లోని టెల్నెట్ కిటికీలో మనం కొట్టే అక్షరాలు మనకే కనిపించేవి కావు. దానికో ఏర్పాటు విడిగా చేసుకోవాలి. తప్పు కొట్టి వెనక్కి చెరిపితే ఆ చెరిపిన మీట కూడా ఓ అక్షరంలా అవతలికి వెళ్లేది. గుమాస్తాకి అర్థంకాక... మైనస్ ఎర్!

బొమ్మల్లేని రోజులు

ఆ కుర్రాడికి ఇవన్నీ ఎలా తెలుసు? అప్పట్లో కంప్యూటర్లు చదివినవాళ్లలో చాలామంది మెయిల్‌ని మొదట చూసిందే నల్లటి తెరమీద. మన దేశంలో ఎర్నెట్ 1986లో మొదలైంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ వంటి సంస్థల్ని కలిపే వల అది. మామూలు జనానికి ఇంటర్నెట్ అందింది మాత్రం 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. బొమ్మలతో సహా చూడగలిగే కనెక్షన్ ఖరీదు మధ్యతరగతికి అందేది కాదు. విద్యార్థుల కోసం చవకలో దొరికింది షెల్ అకౌంట్. బొమ్మలుండవు, అక్షరాలే. మన కంప్యూటర్ నిజానికి ఏమీ చేయదు. దూరాన ఉన్న యూనిక్స్ యంత్రానికి తెరగా, కీబోర్డుగా ఉంటుందంతే. పాస్‌వర్డ్ కొడుతుంటే కనీసం చుక్కలు కూడా పడవు. కీబోర్డు పాడైందేమోనని మళ్లీ మళ్లీ కొట్టి చూసిన కొత్తవాళ్లు ఎందరో.

(ఊరుకుంటారా మనవాళ్లు? ఆ చవక అకౌంట్ మీదే బొమ్మలు చూసే ఉపాయాలు వెతికారు. 1995లో వచ్చిన స్లిర్ప్ అనే చిన్న ప్రోగ్రాం అలాంటిదే. షెల్ అకౌంట్‌ని అసలైన ఇంటర్నెట్ కనెక్షన్‌లా నటింపజేసేది.)

షెల్‌లోకి వెళ్లాక 'పైన్' అని కొడితే మెయిల్ తెరుచుకునేది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1989లో మొదలుపెట్టారు దీన్ని. అంతకుముందు ఎల్మ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఉండేది. ఎల్మ్ ఓ చెట్టు పేరు, పైన్ ఇంకో చెట్టు పేరు. విశ్వవిద్యాలయంలోని ఆఫీసు ఉద్యోగులు కూడా భయపడకుండా వాడుకోవాలన్నది తయారుచేసినవాళ్ల పట్టుదల. అందుకే ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెర అడుగున రెండు వరసల్లో ఎప్పుడూ రాసి ఉండేది. మౌస్ అక్కర్లేదు. సి నొక్కితే కొత్త ఉత్తరం. డి నొక్కితే తీసేయమని గుర్తు. ఎక్స్ నొక్కితేనే నిజంగా తీసేయడం. ఇక్కడా రెండు మెట్లే!

పైన్‌తో అసలు సుఖం వేరే ఉంది. ఉత్తరాలు అక్కడే ఉంటాయి, మనం వెళ్లి చదువుకుంటాం. నాలుగు ఎంబీల ఫొటోలున్నా ముందు మాటలే చూపిస్తుంది. 'కింద ఓ బొమ్మ కూడా ఉంది, కావాలా?' అన్నట్టు ఓ లైను. వద్దంటే అది అక్కడే పడి ఉంటుంది. హైదరాబాద్‌లో చదివిన ఉత్తరాన్ని రేపు బెంగళూరులో మళ్లీ తెరిచి చూసుకోవచ్చు. ఇదే సుఖాన్ని మామూలు మెయిల్ ప్రోగ్రాములకీ ఇవ్వాలని 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ అనే పద్ధతి తయారుచేశాడు. తర్వాత ఆయనా వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికే వచ్చి పనిచేశాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లో చదివిన మెయిల్ కంప్యూటర్లోనూ చదివినట్టే కనిపిస్తోందంటే, చాలా చోట్ల దాని వెనక ఉన్నది ఆ ఐమ్యాపే.

అక్షరాలే అన్నాం కదా... అవీ ఇంగ్లిష్ అక్షరాలే! అమ్మకి తెలుగులో రాయాలంటే? ఆ చిక్కు ముందుగా ఎదురైంది అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లకి. టెక్సస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఓ పద్ధతి తయారుచేశారు. దాన్ని ఆ విశ్వవిద్యాలయం పేరుతోనే ఆర్‌టీఎస్ అంటారు. ఇంగ్లిష్ చిన్న బడి 'ఎ' అయితే అకారం, పెద్ద బడి 'ఎ' అయితే దీర్ఘం. చిన్న 'టి' తకారం, పెద్ద 'టి' టకారం. చిన్న 'ఎల్' అయితే ల, పెద్దదైతే ళ. షిఫ్ట్ మీట నొక్కడం మర్చిపోతే 'పాట' కాస్తా 'పాత' అయ్యేది, 'కళ' కాస్తా 'కల' అయ్యేది! చూడ్డానికి మధ్యమధ్యలో పెద్దబడులు లేచి నిలబడ్డ వింత ఇంగ్లిష్‌లా ఉండేది. అలవాటైనవాళ్లు గడగడా చదివేసేవారు. బొమ్మల్లేని తెరమీద, ఫాంటు ఊసు లేకుండా, ఎంత పాత యంత్రంలోనైనా తెలుగు నడిచిందంటే దాని చలవే.

కవరు లేని ఉత్తరం

ఇంత సుఖంగా ఉన్న టెల్నెట్‌ని జనం ఎందుకు వదిలేశారు? దానికి కవరు లేదు మరి! మనం కొట్టిన ప్రతి అక్షరమూ, పాస్‌వర్డ్‌తో సహా, పోస్టుకార్డు మీద రాసినట్టే వెళుతుంది. దారిలో ఏ కంప్యూటర్ దగ్గరైనా ఎవరైనా చూడాలనుకుంటే చూడొచ్చు. డబ్బా తాళంచెవిని అందరూ చూసేలా చేతిలో ఊపుకుంటూ వెళ్లడంలాంటిది.

1995లో ఫిన్లాండ్‌లో అదే జరిగింది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో మాటువేసి, వెళ్తున్న పాస్‌వర్డ్‌లని మూటగట్టుకున్నారు. అక్కడే ఉన్న తాతు యిలోనెన్‌కి ఒళ్లు మండింది. తిట్టుకుంటూ కూర్చోకుండా, అక్షరాలన్నీ తాళం వేసిన పెట్టెలో వెళ్లేలా కొత్త ప్రోగ్రాం రాశాడు. అదే ఎస్ఎస్‌హెచ్. టెల్నెట్ చేసే పనే చేస్తుంది, దారిలో మాత్రం ఎవరికీ అర్థంకాదు. దానికో కౌంటర్ నంబరు కావాలి. 21 ఫైళ్లు పంపేవారిది, 23 టెల్నెట్‌ది, మధ్యలో 22 ఖాళీగా ఉంది. జులైలో నంబర్లు కేటాయించే సంస్థకి మర్యాదగా ఓ మెయిల్ రాశాడు. మర్నాడే జవాబొచ్చింది... 22 మీదే అని! ఈ రోజుల్లో అలాంటి అనుమతి ఒక్క రోజులో వస్తుందని ఎవరైనా అంటే నమ్ముతామా? ఆ ఏడాది చివరికే యాభై దేశాల్లో ఇరవై వేల మంది దాన్ని వాడారని అంచనా. 1999లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వచ్చాక ఎవరైనా ఉచితంగా వాడుకునే వీలు కలిగింది.

షెల్ అకౌంట్ వాడే ఇళ్లు మాత్రం ఆ దారిలో వెళ్లలేదు. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ మొదలుపెట్టిన హాట్‌మెయిల్ వైపు వెళ్లిపోయాయి. ఏ ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చున్నా మెయిల్ తెరుచుకుంటుంటే నల్ల తెర ఎవరిక్కావాలి? ఉచితమే కానీ డబ్బా చాలా చిన్నది. 2004లో జీమెయిల్ ఒక జీబీ ఇస్తామన్నప్పుడు హాట్‌మెయిల్ ఇస్తున్నది రెండు ఎంబీలే! ఆ పెళ్లి ఫొటోలు అందులో పట్టనే పట్టవు. వీఎస్‌ఎన్‌ఎల్ పేరు కూడా 2008లో టాటా కమ్యూనికేషన్స్‌గా మారిపోయింది.

నల్ల తెర పోలేదు

అయితే ఆ తెర పూర్తిగా కనుమరుగైందా అంటే... లేదు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి షిఫ్టు చేసే సర్వర్ ఇంజినీర్ల ముందు ఉండేది అదే. ఫలానావారికి మెయిల్ అందడం లేదని ఫిర్యాదు వస్తే, వాళ్లు చాలాసార్లు ముందు ఎస్ఎస్‌హెచ్‌తో ఆ యంత్రంలోకే వెళ్తారు. గుమాస్తాతో నేరుగా రెండు మాటలు మాట్లాడితే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. పైన్ తయారీ ఆగిపోయినా దాని వారసుడిగా 2007లో ఆల్పైన్ వచ్చింది. ఎక్స్ నొక్కితేనే తీసేసే పద్ధతి అందులోనూ ఉంది. విండోస్‌లో టెల్నెట్ 2007 నాటి విస్టా నుంచి మామూలుగా కనిపించదు, కావాలంటే మనమే పెట్టుకోవాలి. దాని బదులు 2018 నుంచి విండోస్ 10లో ఎస్ఎస్‌హెచ్ చేరింది.

110 కౌంటర్‌కి వెళ్దామంటే మాత్రం పెద్ద మెయిల్ కంపెనీలు రానివ్వవు. కవరు లేనిదే మాట్లాడమంటాయి. కవరుతో మాట్లాడే కౌంటర్ నంబరు 995. అక్కడికి టెల్నెట్ సరిపోదు, ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే పనిముట్టు కావాలి. మామూలు పాస్‌వర్డ్ కూడా చాలాచోట్ల చెల్లదు. అలాంటి ప్రోగ్రాముల కోసం విడిగా ఇచ్చే పాస్‌వర్డ్ తీసుకోవాలి. లోపల ఉన్నది మాత్రం ఆ పాత గుమాస్తానే. అవే పది పన్నెండు మాటలు, అదే ప్లస్ ఓకే.

పాతవాళ్లు బోల్తాపడే చోటు ఒకటుంది. ఎప్పటి అలవాటో, ఈ మాటల్ని పెద్దబడిలో కొట్టడం వాళ్లకి రివాజు. ఆ ఓపెన్ఎస్ఎస్ఎల్ కిటికీలో లైను మొదట్లో పెద్దబడి 'ఆర్' వస్తే రిటర్ అని అనుకోదు. తాళం మార్చమంటున్నారనుకుని ఆ పనిలో పడుతుంది. పెద్దబడి 'క్యూ' వస్తే మరీ అన్యాయం. క్విట్ అన్న మాట గుమాస్తా దాకా చేరనివ్వకుండా తనే ఫోన్ పెట్టేస్తుంది. గుమాస్తా దృష్టిలో అది తెగిపోయిన లైనే. గుర్తు పెట్టిన ఉత్తరాలు ఒక్కటీ తీసేయడు. మర్నాడు చూస్తే మూడో ఉత్తరం, నాలుగు ఎంబీలతో, అక్కడే కూర్చుని ఉంటుంది. చిన్నబడిలో కొడితే సరి.